ఘాట్ రోడ్డు మీద బయటపడే హెడ్ బోల్టు లెక్క

సాలూరు నుంచి సుంకి మీదుగా ఒడిశాలోని కొరాపుట్ ఎక్కే రోడ్డు మీద ఇంజన్ పని ఎంత బాగా జరిగిందో తేలిపోతుంది. షెడ్డులో స్టార్ట్ చేసినప్పుడు, ఊళ్లో ఖాళీ బండి తిప్పినప్పుడు ఏ లోపమూ కనిపించని లారీ, నిండు లోడుతో ఆ మలుపులు ఎక్కేటప్పుడు రేడియేటర్‌లోంచి నీళ్లు కక్కడం మొదలుపెడుతుంది. వేడి చూపించే ముల్లు ఎరుపు గీత దగ్గరికి పోతుంది. బండిని షెడ్డుకి తెచ్చి, సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ దింపితే, దాని కింద సందు మూసే గ్యాస్కెట్ రెండు సిలిండర్ల మధ్య నల్లగా కాలిపోయి ఉంటుంది. గ్యాస్కెట్ డూప్లికేట్ అయ్యుంటుందని తీర్పు చెప్పేస్తారు. కొత్త గ్యాస్కెట్ వేసి, పాత బోల్టులతోనే, పాత పద్ధతిలోనే బిగిస్తారు. కొన్నాళ్లకి అదే లారీ అదే ఘాట్‌లో మళ్లీ ఆగుతుంది.

మార్కెట్లో నాసిరకం గ్యాస్కెట్లు లేవని ఎవరూ అనరు. అయితే డీజిల్ ఇంజన్‌లో గ్యాస్కెట్ తనంతట తాను ఏదీ ఆపలేదు. హెడ్‌కీ, సిలిండర్లుండే బ్లాక్‌కీ మధ్య దాన్ని ఎంత బలంగా, ఎంత సమంగా నొక్కి ఉంచారన్న దాని మీదే అది నిలబడుతుంది. ఆ నొక్కుడు బోల్టుల నుంచి రావాలి. కాలిపోయిన గ్యాస్కెట్ చాలాసార్లు బోల్టుల తప్పుకి సాక్ష్యం. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగు మేస్త్రీల చేతుల్లో లారీలు, ట్రాక్టర్లు, పవర్ టిల్లర్లు, నీటి ఇంజన్లు అన్నీ తయారవుతాయి. మాన్యువల్ దొరికితే ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. అందులో టార్క్ అంకె, అంటే బోల్టుని ఎంత బలంతో తిప్పి బిగించాలన్నది, ఒక్కటి చూసి పుస్తకం మూసేయడం మామూలు. ఆ అంకె వెనక ఉన్న లెక్క తెలిస్తే మిగతా జాగ్రత్తలు ఎందుకో అర్థమవుతాయి.

బోల్టు ఒక స్ప్రింగు

హెడ్ బోల్టుని బిగించడమంటే దాన్ని సాగదీయడం. మర తిరుగుతున్నకొద్దీ బోల్టు తల హెడ్ మీద ఆనుకుని, కింది మర బ్లాక్‌ని పట్టుకుని, మధ్యలో ఉన్న ఉక్కు కాడ కొద్దిగా సాగుతుంది. సాగిన ఉక్కు మళ్లీ తన పొడవుకి రావాలని లాగుతుంది. ఆ లాగుడే హెడ్‌ని కిందికి నొక్కే బలం. 12 ఎంఎం బోల్టు, 120 ఎంఎం పొడవు కాడ అనుకుంటే, అయిదున్నర టన్నుల బలం రావడానికి అది సాగేది ఒక మిల్లీమీటరులో మూడోవంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. కంటికి కనిపించదు, చేతికి తెలియదు.

మనకి కావాల్సింది ఆ సాగుడు. కానీ షెడ్డులో దాన్ని నేరుగా కొలిచే దారి లేదు. అందుకని బోల్టుని తిప్పడానికి ఎంత బలం పట్టిందో కొలిచి, దాన్నిబట్టి ఎంత సాగి ఉంటుందో ఊహిస్తాం. టార్క్ రెంచ్ చేసేది ఈ ఊహే. ఇక్కడే పెద్ద చిక్కు ఉంది. మనం పెట్టే టార్క్‌లో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికి పోతుంది. దాదాపు 40 శాతం మరల మధ్య రాపిడికి పోతుంది. బోల్టుని నిజంగా సాగదీసేది మిగిలిన 10 శాతమే. అంటే 90 వంతులు రాపిడి తినేస్తుంటే, 10 వంతుల మీద మొత్తం ఇంజన్ ఆధారపడి ఉంది. రాపిడి కాస్త పెరిగినా తగ్గినా ఆ 10 వంతులు తలకిందులైపోతాయి.

దీన్ని అంకెల్లో చూద్దాం. 12 ఎంఎం బోల్టుని 100 న్యూటన్ మీటర్లకి బిగించారనుకుందాం. మర, వాషర్ పొడిగా ఉంటే దాదాపు 4.2 టన్నుల నొక్కుడు వస్తుంది. పల్చగా ఇంజన్ ఆయిల్ రాసి ఉంటే అదే 100కి దాదాపు 5.6 టన్నులు. మరల్లో తుప్పు, పాత మసి, ఎండిపోయిన సీలెంట్ ఉంటే 2.8 టన్నులకి పడిపోవచ్చు. మూడుసార్లూ రెంచ్ ఒకేలా 'టక్' మంటుంది. మూడుసార్లూ మేస్త్రీ తన పని సరిగ్గానే చేశాననుకుంటాడు. కానీ మొదటి దానికీ చివరి దానికీ మధ్య ఒక టన్నున్నర తేడా ఉంది.

ఇప్పుడు అవతలి వైపు లెక్క. 100 ఎంఎం బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్‌లో డీజిల్ మండినప్పుడు ఒత్తిడి 120 బార్ దాకా వెళ్లిందనుకుంటే, హెడ్‌ని పైకి తోసే బలం సుమారు 9.6 టన్నులు. కొత్త టర్బో ఇంజన్లలో ఒత్తిడి ఇంకా ఎక్కువే. ఒక్కో సిలిండర్ చుట్టూ నాలుగు బోల్టులుంటే, ఆయిల్ రాసి బిగించిన నాలుగూ కలిసి 22 టన్నులకి పైగా నొక్కుతాయి. తుప్పు మరలతో బిగించిన నాలుగూ కలిసి 11 టన్నుల చిల్లర. 9.6 పోగా గ్యాస్కెట్ మీద మిగిలేది టన్నున్నర, రెండు టన్నుల లోపే. ఊళ్లో ఖాళీగా తిరిగేటప్పుడు ఒత్తిడి అంత ఎక్కదు కాబట్టి ఇది బయటపడదు. గేరు తగ్గించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడే సిలిండర్‌లో పూర్తి ఒత్తిడి వస్తుంది. హెడ్ ప్రతి పేలుడుకీ వెంట్రుకవాసి లేస్తుంది, గ్యాస్ ఆ సందులోంచి నీళ్ల దారిలోకి దూరుతుంది. ఘాట్‌లో నీళ్లు కక్కిన బండి మైదానంలోకి దిగాక బాగానే నడుస్తుంటే, అనుమానించాల్సిన మొదటి విషయం ఇది.

కొరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో నీళ్లు 100 డిగ్రీలకి బదులు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత ఒత్తిడి నిలబెట్టకపోతే ఆ తేడా కూడా హెడ్ మీదే పడుతుంది. కాబట్టి నీళ్లు పొంగగానే హెడ్ దింపకుండా, ముందు మూత, థర్మోస్టాట్, ఫ్యాన్ బెల్టు చూడాలి. ఎగ్జాస్ట్ గ్యాస్ నీళ్లలోకి వస్తోందా లేదా అన్నది తేల్చుకోవాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే, నీళ్లింకా వేడెక్కకముందే పై హోసు గట్టిపడితే, మూత తీసి ఉంచిన రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తుంటే, గ్యాస్ దూరుతున్నట్టే. పక్కపక్క సిలిండర్లు రెండింటిలో కంప్రెషన్ ఒకేలా పడిపోయి ఉంటే ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్ పోయినట్టు. పాలు కలిసినట్టు తెల్లబడ్డ ఇంజన్ ఆయిల్ ఇంకో గుర్తు, అయితే అది ఆయిల్ కూలర్ పాడైనా వస్తుంది.

రంధ్రంలో దాగిన తప్పు

హెడ్ బోల్టుల పనిలో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది, పైనుంచి కనిపించనిది, బ్లాక్‌లోని బోల్టు రంధ్రాలు. హెడ్ దింపినప్పుడు నీళ్లు, ఆయిల్, మసి, గ్యాస్కెట్ ముక్కలు వాటిలోకి పడతాయి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ఆయిల్ కాస్త నిలిచి ఉండగా బోల్టు బిగిస్తే ఆ ఆయిల్ ఎటూ పోలేదు. ద్రవం నలగదు. బోల్టు పిస్టన్‌లా దాన్ని నొక్కుతుంది, బ్లాక్ అక్కడ పగులుతుంది. ఒక్కోసారి పగలదు కానీ రెంచ్ 'టక్' మంటుంది, బోల్టు తల మాత్రం హెడ్‌ని సరిగ్గా నొక్కి ఉండదు. అడుగున చెత్త పేరుకుంటే బోల్టు అడుగు తగిలి కూడా అదే జరుగుతుంది. పది రూపాయల ఆయిల్ వల్ల బ్లాక్ పోవడం ఎవరికీ జరగకూడని నష్టం.

కాబట్టి కంప్రెసర్ గాలితో ప్రతి రంధ్రాన్నీ ఊది శుభ్రం చేయాలి. కంటి మీదకి ఎగరకుండా గుడ్డ కప్పి ఊదాలి. గాలి లేని చోట సన్నటి పుల్లకి గుడ్డ చుట్టి అడుగు దాకా తుడవాలి. మరల్లో మసి గట్టిపడి ఉంటే చాలామంది ట్యాప్ తెచ్చి దింపేస్తారు. మరలు కోసే ట్యాప్ శుభ్రం చేయడంతో ఆగదు, పోత ఇనుము మర నుంచి కొంత లోహాన్ని కూడా గీకేస్తుంది. అలా రెండు మూడుసార్లు చేసిన బ్లాక్‌లో మర వదులైపోయి, చివరికి బిగింపులో స్లిప్ అవుతుంది. దీనికి మంచి ఉపాయం, అదే ఇంజన్‌ది ఒక పాత బోల్టు తీసుకుని, దాని మరల మీద నిలువుగా రెండు మూడు గాళ్లు కోయించడం. దాన్ని చేత్తో దింపి తీస్తే గాళ్లలోకి మసి వచ్చేస్తుంది, మర చెక్కుచెదరదు. లేత్ షెడ్డులో క్షణాల పని.

బోల్టుల వైపు కూడా అంతే శ్రద్ధ కావాలి. వైరు బ్రష్‌తో మరలు శుభ్రం చేసి, ప్రతి బోల్టూ తన రంధ్రంలో వేళ్లతోనే చివరి దాకా దిగుతోందా అని చూడాలి. పానా లేకుండా దిగని బోల్టుని టార్క్ రెంచ్‌తో కొలవడంలో అర్థం లేదు, ఎందుకంటే రెంచ్ కొలిచేదంతా ఆ ఇరుకునే. వాషర్లు పాతవైతే వాటి మీద బోల్టు తల తిరిగిన గాడి పడి ఉంటుంది. అలాంటివి మార్చాలి. ఇంటి పక్క హార్డ్‌వేర్ షాపులో దొరికే మెత్తటి వాషర్ హెడ్ బోల్టుకి పనికిరాదు, అది నలిగిపోయి బిగింపు వదిలేస్తుంది. వాషర్‌కి ఒక వైపు అంచు ఏటవాలుగా కోసి ఉంటే, ఆ వైపు బోల్టు తల కిందికి రావాలి.

ఇక ఆయిల్. మాన్యువల్ వేరే చెప్పకపోతే, మామూలుగా శుభ్రమైన ఇంజన్ ఆయిల్ మరల మీద, బోల్టు తల కింద పల్చగా రాస్తారు. బోల్టుని ఆయిల్ డబ్బాలో ముంచి కారుతుండగా పెట్టడం తప్పు, పైన చెప్పిన బ్లాక్ పగులు అలాగే వస్తుంది. గ్రీజు, మాలిబ్డినం పేస్టు లాంటివి 'ఇంకా మంచిది' అనుకుని పూయడం అంతకంటే ప్రమాదం. అవి రాపిడిని మరీ తగ్గించేస్తాయి. అదే 12 ఎంఎం బోల్టుకి అదే 100 న్యూటన్ మీటర్లు పెడితే నొక్కుడు 7 టన్నుల దాకా పోవచ్చు. తల మీద 8.8 అని గుర్తున్న బోల్టు శాశ్వతంగా సాగకుండా భరించగలిగేది సుమారు 5 టన్నులే. 10.9 గుర్తున్నది సుమారు 7 టన్నులు. 12.9 అయితే 8 టన్నులకి కాస్త పైన. తెగిపోయిన హెడ్ బోల్టు దొరికినప్పుడు షాపులో 'ఇదే సైజు ఇవ్వు' అని అడిగితే సైజు ఒకటే వస్తుంది, తల మీద అంకె మారిపోతుంది. ఆ అంకె చూడకుండా వేసిన ఒక్క బోల్టు వల్ల ఆ మూల గ్యాస్కెట్ పోతుంది.

కొన్ని ఇంజన్లలో కొన్ని బోల్టు రంధ్రాలు నీళ్ల జాకెట్‌లోకి తెరుచుకుని ఉంటాయి. వాటికి ఆయిల్ చాలదు, మాన్యువల్ చెప్పిన సీలెంట్ మరలకి రాయాలి. లేకపోతే నీళ్లు మర వెంట పైకి పాకి, బోల్టు తల దగ్గర తుప్పు గీతలా కనిపిస్తాయి. కొండ జిల్లాల వానాకాలంలో హెడ్ దింపి విడిభాగాల కోసం విజయనగరమో విశాఖో మనిషిని పంపి ఎదురుచూసే రోజుల్లో, తెరిచి ఉంచిన బ్లాక్ ముఖం, విప్పిన బోల్టులు గాలి తేమకే తుప్పు పట్టేస్తాయి. ఆయిల్ గుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచితే ఆ తుప్పు మరల రాపిడిలోకి రాదు.

బోల్టుతో సరిదిద్దలేనివి

బిగింపు ఎంత బాగా చేసినా కొన్ని లోపాలు దాని వల్ల పోవు. హెడ్ ముఖం వంగి ఉంటే, స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజీతో నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి చూడాలి. చాలా మాన్యువల్స్ మిల్లీమీటరులో పదో వంతు లోపే వంపు ఒప్పుకుంటాయి, కొన్ని అందులో సగమే. అంతకంటే ఎక్కువుంటే ఫేసింగ్ (ముఖాన్ని చెక్కి సమం చేయడం) చేయించాలి, కానీ అది లెక్క లేకుండా చేయించే పని కాదు. డీజిల్ హెడ్ ముఖం నుంచి ఎంత తీస్తే వాల్వులు పిస్టన్‌కి అంత దగ్గరవుతాయి, ఇంజెక్టర్ అంత కిందికి దిగుతుంది. కొన్ని కంపెనీలు తమ డీజిల్ హెడ్లని అసలు ఫేసింగ్ చేయించొద్దనే చెబుతాయి. బ్లాక్ ముఖం కూడా అలాగే చూడాలి. హెడ్ ఒక్కటే లేత్‌కి పంపి, బ్లాక్‌ని గుడ్డతో తుడిచి వదిలేయడం మన వైపు ఎక్కువ. ఇది మాన్పించాల్సిన అలవాటు.

తడి లైనర్ ఇంజన్లలో, అంటే పిస్టన్ తిరిగే గొట్టం (లైనర్) విడిగా ఉండి దాని చుట్టూ నేరుగా నీళ్లు తగిలే ఇంజన్లలో, ఇంకో కీలకం ఉంది. లైనర్ పై అంచు బ్లాక్ ముఖం కంటే మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు ఎత్తుగా ఉండాలి. ఎంతన్నది మాన్యువల్ చెబుతుంది. గ్యాస్కెట్‌లోని మంట రింగుని నొక్కేది ఆ ఎత్తే. కొత్త లైనర్ వేసేటప్పుడు కింది మెట్టు మీద తుప్పు, మసి ఉంటే లైనర్ ఎత్తుగా కూర్చుంటుంది, మెట్టు అరిగి ఉంటే దిగిపోతుంది. డయల్ గేజీ పెట్టి ప్రతి లైనర్‌నీ కొలిస్తే తెలుస్తుంది. లైనర్ దిగిపోయిన సిలిండర్ దగ్గర పానాకి పైపు తొడిగి బిగించినా గ్యాస్ ఆగదు. ట్రాక్టర్‌కి ఏడాదిలో రెండు మూడు గ్యాస్కెట్లు మార్చిన రైతుకి ఎవరూ చూపించకుండా వదిలేసిన కొలత సాధారణంగా ఇదే అయ్యుంటుంది.

గ్యాస్కెట్‌ని ఎంచుకోవడంలో కూడా ఒక లెక్క ఉంది. చాలా డీజిల్ ఇంజన్లకి ఒకే గ్యాస్కెట్ రెండు మూడు మందాల్లో వస్తుంది. అంచు మీద రంధ్రాలు లేదా గంట్లు ఎన్నున్నాయో దాన్నిబట్టి మందం తెలుస్తుంది. పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాక్ ముఖం కంటే ఎంత బయటికి పొడుచుకొచ్చిందో కొలిచి, దానికి తగ్గ గంట్ల గ్యాస్కెట్ తీసుకోవాలి. పాత గ్యాస్కెట్‌కి ఎన్ని గంట్లున్నాయో చూసి తెచ్చుకోవడం పిస్టన్లు, లైనర్లు మార్చనప్పుడు సరిపోతుంది. మొత్తం ఇంజన్ కట్టినప్పుడు మళ్లీ కొలవాల్సిందే.

వరస, దశలు

చాప పరిచేటప్పుడు మధ్యలోంచి చివరలకి అరచేత్తో తోసుకుంటూ పోతే ముడతలు అంచుల వైపు జారిపోతాయి. హెడ్ కూడా అంతే. మధ్య బోల్టుల నుంచి మొదలుపెట్టి, ఇటొకటి అటొకటి, సుడిలా బయటికి పోతూ బిగించాలి. చివర నుంచి మొదలుపెడితే రెండు చివరలూ పట్టుకుపోయి మధ్యలో హెడ్ కొద్దిగా పైకి బిగిసినట్టు ఉండిపోతుంది. మధ్యలో గ్యాస్కెట్ మీద నొక్కుడు తక్కువ, అక్కడే సిలిండర్ల మధ్య వంతెనలు సన్నగా ఉంటాయి. సిలిండర్‌కో హెడ్ ఉన్న ఇంజన్లలో, హెడ్లు బిగించే ముందు మానిఫోల్డ్ వైపు ముఖాలన్నీ ఒకే గీతలో ఉన్నాయో లేదో స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి చూసుకోవాలి. లేకపోతే మానిఫోల్డ్ బిగించినప్పుడు హెడ్లు పక్కకి లాగబడతాయి. నాలుగు స్టడ్లు ఉండే ఒంటి సిలిండర్ నీటి ఇంజన్‌కి సుడి అక్కర్లేదు, ఎదురెదురుగా బిగిస్తే చాలు.

పూర్తి టార్క్ ఒక్కసారిగా ఇవ్వకూడదు. మాన్యువల్ చెప్పిన దశల్లో పోవాలి. 100 చివరి అంకె అనుకుంటే, మొదట అన్నీ 40కి, వరసలో మళ్లీ అన్నీ 70కి, ఆ తర్వాత 100కి అన్నట్టు. ఒక బోల్టు పూర్తిగా బిగించి పక్కదానికి పోతే, పక్కది బిగిసినప్పుడు గ్యాస్కెట్ నలిగి మొదటిది వదులైపోతుంది. చివరి దశ అయ్యాక అదే అంకె మీద వరసగా ఒక చుట్టు మళ్లీ చూసుకోవడం మంచిది.

హెడ్ విప్పేటప్పుడు ఇదంతా తలకిందులుగా, చివరల నుంచి మధ్యకి, దశలుగా, అదీ ఇంజన్ పూర్తిగా చల్లారాకే. ఘాట్ దిగి వచ్చిన బండికి వేడి మీద హెడ్ విప్పేసే తొందరలో మంచి హెడ్లు వంగిపోతుంటాయి. అల్యూమినియం హెడ్ అయితే ఇంకా తొందరగా. పోత ఇనుముతో పోలిస్తే అల్యూమినియం వేడికి దాదాపు రెండింతలు సాగుతుంది. అర మీటరు పొడవున్న హెడ్ 70 డిగ్రీలు వేడెక్కితే, అల్యూమినియం సుమారు 0.8 ఎంఎం సాగుతుంది, కింద ఉన్న ఇనప బ్లాక్ దానిలో సగం కూడా సాగదు. ఘాట్ ఎక్కేటప్పుడు వేడెక్కి, దిగేటప్పుడు చల్లబడే ప్రతిసారీ హెడ్ ఆ మేరకి గ్యాస్కెట్ మీద పాకుతుంది. బోల్టుల నొక్కుడు సమంగా లేని చోట ఆ పాకుడే గ్యాస్కెట్‌ని కోసేస్తుంది.

రెంచ్ కూడా తప్పు చెబుతుంది

టార్క్ రెంచ్ ఉన్నంత మాత్రాన కొలత వచ్చేసినట్టు కాదు. దీనికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 6789 ప్రకారం, మంచి రెంచ్ తన అంకెకి 4 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. 5,000 సార్లు వాడాక గానీ, ఏడాది దాటాక గానీ పరీక్ష చేయించాలి. పడేసిన రెంచ్‌ని, బోల్టు విప్పడానికి వాడిన రెంచ్‌ని అంతకుముందే అనుమానించాలి. వాడకం అయ్యాక స్ప్రింగు వదులయ్యేలా కింది అంకెకి తిప్పి పెట్టెలో పెట్టాలి. 150 మీద వదిలేసి ఏడాది గోడకి వేలాడదీసిన రెంచ్ ఏం చెబుతుందో దానికే తెలియదు.

లాగే పద్ధతిలో కూడా తేడా వస్తుంది. పిడి మధ్యలో పట్టుకుని, కుదుపు లేకుండా, నెమ్మదిగా లాగాలి. 'టక్' అనగానే ఆపేయాలి. నమ్మకం కోసం రెండోసారి, మూడోసారి 'టక్' అనిపిస్తే బోల్టు అదనంగా బిగిసిపోవచ్చు. మధ్యలో ఆపిన బోల్టుని మళ్లీ కదిలించాలంటే ఆగి ఉన్న రాపిడిని దాటాలి, అది ఎక్కువ. అందువల్ల బోల్టు కదలకముందే రెంచ్ 'టక్' మంటుంది. అలాంటప్పుడు కాస్త వదులు చేసి, ఒకే లాగుడులో అంకె దాకా తీసుకెళ్లాలి.

రెంచ్‌కీ బోల్టుకీ మధ్య నిలువుగా పెట్టే పొడవు రాడ్డు వల్ల టార్క్ మారదు. రెంచ్ ముందు వైపు పొడిగించే పానా ముక్క తగిలిస్తే మారుతుంది. 400 ఎంఎం పొడవున్న రెంచ్‌కి 50 ఎంఎం ముక్క నేరుగా ముందుకి తగిలిస్తే, 100 రావడానికి రెంచ్ మీద 89 పెట్టాలి. రెంచ్ పొడవుని మొత్తం పొడవుతో భాగించి, కావాల్సిన టార్క్‌తో గుణిస్తే వచ్చేది అదే.

కొలమానాల గందరగోళం ఇంకోటి. పాత మాన్యువల్స్‌లో కేజీ మీటర్లు, కొన్నిట్లో ఫుట్ పౌండ్లు, కొత్తవాటిలో న్యూటన్ మీటర్లు. 10 కేజీ మీటర్లంటే 98 న్యూటన్ మీటర్లు, సుమారు 72 ఫుట్ పౌండ్లు. 98ని పొరపాటున ఫుట్ పౌండ్ల వైపు పెడితే పడేది 133 న్యూటన్ మీటర్లు, మూడో వంతుకి పైగా ఎక్కువ. రెంచ్ మీద రెండు వైపులా రెండు గీతలు ఉంటాయి కాబట్టి ఈ పొరపాటు చాలా సులువు. షెడ్డు గోడ మీద తరచూ వచ్చే ఇంజన్ల అంకెలు, పక్కనే కొలమానం పేరుతో సహా, తెలుగులో రాసి ఉంచుకుంటే ఎవరు బిగించినా తడబడరు.

చేతి అంచనాని తీసిపారేయాలని కాదు. కొన్నేళ్లుగా ఒకే రకం ఇంజన్ కడుతున్న మేస్త్రీ చేతికి, ఏదో బోల్టు మిగతావాటిలా బిగుసుకోవడం లేదని రెంచ్ కంటే ముందే తెలుస్తుంది. స్లిప్ అవబోతున్న మరని పట్టుకునేది ఆ చేయే. కానీ చేయి తేడాని చెప్పగలదు, టన్నుల లెక్క చెప్పలేదు. పొడి మరకీ ఆయిల్ మరకీ మధ్య ఉన్న తేడా చేతికి ఒకే బిగువుగా తోస్తుంది.

డిగ్రీలతో బిగించే బోల్టులు

కొత్త ఇంజన్లలో మాన్యువల్ టార్క్ అంకెతో ఆగదు. కొంత టార్క్, ఆ తర్వాత 90 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకో 90 డిగ్రీలు అంటుంది. దీని వెనక ఉద్దేశం రాపిడిని లెక్కలోంచి తీసేయడం. హెడ్ ఆనుకున్నాక బోల్టుని పావు చుట్టు తిప్పితే, 1.75 ఎంఎం మరకి అది 0.44 ఎంఎం కిందికి దిగుతుంది. మర పొడిగా ఉన్నా, ఆయిల్‌గా ఉన్నా దిగే దూరం ఒకటే. ఆ దూరంలో కొంత గ్యాస్కెట్ నలగడానికి పోయి, మిగతాది బోల్టు సాగడానికి పోతుంది. ఈ బోల్టుల్లో చాలావాటిని శాశ్వతంగా సాగడం మొదలయ్యే హద్దు దాకా తీసుకెళ్తారు. ఆ హద్దు దగ్గర ఇంకో అయిదు డిగ్రీలు అటూ ఇటూ అయినా నొక్కుడు పెద్దగా మారదు. పది బోల్టుల్లో పదింటికీ దాదాపు ఒకే నొక్కుడు వస్తుంది. టార్క్ పద్ధతికి అందని సమానత ఇది.

దీనికి ఖరీదైన పరికరం తప్పనిసరి కాదు. మొదటి టార్క్ అయ్యాక ప్రతి బోల్టు తల మీద ఒకే వైపు తెల్ల పెయింటు చుక్క పెడితే, 90 డిగ్రీల తర్వాత చుక్కలన్నీ ఒకే దిక్కుకి రావాలి. ఏ బోల్టు వెనకబడిందో దూరం నుంచే కనిపిస్తుంది. అయితే డిగ్రీల బోల్టుకి 'చివర్లో ఎంత టార్క్ వస్తుందో' కనుక్కుని, ఆ అంకెతో పక్క ఇంజన్ బిగించే ప్రయత్నం పనికిరాదు. మళ్లీ రాపిడి లెక్కలోకి తెచ్చుకున్నట్టే.

ఈ బోల్టులు ఒకసారి సాగాక పాత పొడవుకి రావు. కొన్ని కంపెనీలు ప్రతిసారీ కొత్తవి వేయమంటాయి. కొన్ని గరిష్ఠ పొడవు ఇచ్చి, దాని లోపు ఉంటే మళ్లీ వాడొచ్చంటాయి. వెర్నియర్‌తో కొలవడం రెండు నిమిషాల పని. కొలత లేకపోయినా సరే, మర మధ్యలో సన్నబడినట్టు కనిపించినా, మంచి నట్టు వేళ్లతో తిప్పుతుంటే ఒకచోట ఇరుక్కున్నా ఆ బోల్టు అయిపోయినట్టే. బోల్టుల సెట్టు ఖర్చు ఎక్కువని పాతవే వేసుకోమనే ఓనర్లు ఉంటారు. వాళ్లకి ఇంకో హెడ్ దింపుడు కూలీ, గ్యాస్కెట్, కూలెంట్, ఘాట్‌లో ఆగిన బండి రోజులు కలిపి చూపిస్తే తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. ఇందులో మేస్త్రీ గట్టిగా నిలబడాలి. బండి మళ్లీ ఆగితే పోయేది మేస్త్రీ పేరే.

బిగించిన తర్వాత

పాత తరహా మెత్తటి గ్యాస్కెట్లు మొదటి వేడికి కొంత నలిగి కూర్చుంటాయి. వాటికి ఇంజన్ కొంత నడిపాక మళ్లీ టార్క్ చూడమని మాన్యువల్ చెబుతుంది. వేడి మీదా, చల్లారాకా అన్నది కూడా అందులోనే ఉంటుంది, అది పాటించాలి. అల్యూమినియం హెడ్ వేడిగా ఉన్నప్పుడు బోల్టు కంటే ఎక్కువ ఉబ్బి ఉంటుంది కాబట్టి, చల్లారాక చూడమన్న దాన్ని వేడి మీద చూస్తే తప్పు అంకె వస్తుంది. మళ్లీ బిగించేటప్పుడు నేరుగా రెంచ్ పెట్టి 'టక్' వినడం సరిపోదు, ఆగి ఉన్న రాపిడికే అది మోగొచ్చు. వరసలో ఒక్కో బోల్టునే పావు చుట్టు వదులు చేసి, వెంటనే అంకె దాకా బిగించి, ఆ తర్వాతే పక్కదానికి పోవాలి. పొరల ఉక్కు గ్యాస్కెట్లు, డిగ్రీల బోల్టులు ఉన్న ఇంజన్లకి మామూలుగా ఈ రెండో బిగింపు ఉండదు. అలవాటు కొద్దీ వాటినీ ఒక పట్టు పట్టడం వల్ల హద్దు మీదున్న బోల్టు హద్దు దాటిపోతుంది.

రెండోసారి బిగించిన ప్రతిసారీ ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) మళ్లీ సరిచేయాలి. హెడ్ వెంట్రుకవాసి కిందికి దిగితే రాకర్ల దగ్గర గ్యాప్ మారుతుంది, వాల్వు పూర్తిగా మూసుకోకపోతే అది కాలిపోతుంది. కూలెంట్ పోసేటప్పుడు గాలి బయటికి పోయేలా చూసి, థర్మోస్టాట్ తెరుచుకునే దాకా ఐడ్లింగ్‌లో ఉంచి, నీళ్ల మట్టం మళ్లీ నింపాలి. మొదటి లోడు ట్రిప్పుకి నేరుగా సుంకి ఎక్కించకుండా, పార్వతీపురం, రాయగడ మధ్యో సాలూరు, బొబ్బిలి మధ్యో తేలిక లోడుతో తిప్పి, చల్లారాక నీళ్ల మట్టం, ఆయిల్ రంగు, పై హోసు బిగువు చూసుకుని అప్పుడు ఘాట్‌కి పంపితే, ఏదైనా తేడా ఉంటే షెడ్డు దగ్గర్లోనే పట్టుబడుతుంది.